లీడ్ నేర్చుకోవాలంటే స్కేళ్లు మానండి

జి, ఇ మైనర్, సి, డి. ఈ నాలుగు కార్డ్స్‌తో పాటకు రిథమ్ కొట్టడం మీకు వచ్చేసింది. పల్లవి అయిపోయాక చరణం మొదలయ్యేలోగా నాలుగు బార్ల ఖాళీ వస్తుంది. పాడేవాళ్లు మీ వైపు చూస్తారు, ఏదైనా లీడ్ అందుకోమని. సరిగ్గా అక్కడ చేయి ఆగిపోతోందా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను. నేను చెప్పే పద్ధతిని చాలామంది మాస్టార్లు తప్పంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మాత్రం పదేళ్లుగా ఇదే చెబుతున్నాను, ఇకముందూ ఇదే చెబుతాను.

ముందుగా స్కేళ్ల పుస్తకాన్ని అటక మీద పెట్టండి. పెంటటానిక్ బాక్సులంటూ చుక్కలతో బొమ్మలు గీసి ఇచ్చిన కాగితం ఉంటే దాన్నీ అక్కడే పెట్టండి. ఆరు నెలలు కిందికి దించొద్దు.

నేను రెండేళ్లు స్కేళ్లు వాయించాను. పొద్దున గంట, రాత్రి గంట. మా వైపు గిటార్ పట్టినవాళ్లలో సగానికి సగం చర్చిలో నేర్చుకున్నవాళ్లే, నేనూ అంతే. ఒక క్రిస్మస్ రాత్రి ఆరాధనలో పాట మధ్య ఖాళీ రాగానే జి మేజర్ స్కేలు అందుకున్నాను. పైకి వెళ్లాను, కిందికి వచ్చాను. ఒక్క స్వరం కూడా తప్పు పడలేదు. అయినా పాట దారి పాటది, నా దారి నాది అన్నట్టే ఉంది. రెండో చరణం ముందు పక్కనే రిథమ్ వాయిస్తున్న అన్న అందుకున్నాడు. ఆయనకు ఏ స్కేలు పేరూ తెలియదు. డి కార్డ్ ఆకారాన్ని ఏడో ఫ్రెట్ దాకా జరిపి, మూడు సన్న తీగలను ఒక్కొక్కటిగా మోగించి, ఒక వేలు కదిపాడు. ఇంకో వేలు కదిపాడు. అంతే. కాయిర్ అంతా ఆ స్వరం పట్టుకుని చరణంలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల కష్టంలో నాకు దొరకనిది ఆయన రెండు వేళ్ల కదలికలో ఉంది.

ముందు స్కేలు, తర్వాతే పాట అన్న నమ్మకం మనకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఇళ్లలో సంగీతమంటే మాయామాళవగౌళలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, ఆ తర్వాతే గీతం. కర్ణాటక సంగీతానికి ఆ వరుస చక్కగా సరిపోతుంది. అక్కడ వెనక తంబూరా మీద షడ్జమం కచేరీ అయ్యేదాకా కదలకుండా మోగుతూనే ఉంటుంది. నేల కదలదు, దాని మీద స్వరం నడుస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కూడా గిటార్ లాగా ఫ్రెట్లున్న వాద్యమే వాయించారు. ఆ కచేరీల్లో ఆయనకు కార్డ్స్‌తో పని పడలేదు, పడాల్సిన అవసరమూ లేదు. మన చేతిలో ఉన్న పాట వేరు. ఇక్కడ బారు బారుకీ నేల మారిపోతుంది. జి కార్డ్ మోగుతున్నప్పుడు బి స్వరం పలికితే అది అంతర గాంధారం, హాయిగా కూర్చుంటుంది. అదే బి ని సి కార్డ్ మీద పట్టుకుని ఆపితే, పక్కనున్న సి లోకి వెళ్లిపోవాలని గింజుకుంటుంది. స్వరం అదే, స్కేలు అదే, కానీ బతుకు వేరు. స్కేళ్ల కాగితం ఈ సంగతి చెప్పదు. ఏడు స్వరాలూ సమ్మతమేనని చెప్పి ఊరుకుంటుంది.

ఇప్పుడు ఒక పాత గుడ్డ తీసుకుని మడిచి, బ్రిడ్జి దగ్గర మూడు లావు తీగల కింద దూర్చండి. అవి మోగకూడదు. సగం గిటార్ మూసేస్తారా అని అడుగుతారు. అవును, మూసేయమనే అంటున్నాను. మేజర్ కార్డ్ అంటే స, గ, ప. మైనర్ అయితే ఆ గాంధారం ఒక మెట్టు దిగుతుంది. ఎంత పెద్ద బార్ కార్డ్ పట్టినా ఆరు తీగల మీద మోగేవి ఆ మూడు స్వరాలే, కొన్ని రెండుసార్లు మోగుతాయంతే. ఆ మూడింటికీ మూడు సన్న తీగలు చాలు. లావు తీగలు మోగుతున్నంతసేపూ మీ చెవి వాటి వెంటే పోతుంది, పైన ఏ స్వరం కదిలిందో వినిపించదు.

డి కార్డ్ పట్టుకోండి. మూడో తీగ మీద 2, రెండో తీగ మీద 3, ఒకటో తీగ మీద 2. ఇకమీదట ఫ్రెట్లను ఈ వరుసలోనే చెబుతాను, మూడో తీగతో మొదలుపెట్టి. వేళ్లు చెదరనివ్వకుండా చేతిని ఐదు ఫ్రెట్లు పైకి జరపండి. 7, 8, 7. ఇది జి మేజర్. ఇప్పుడు మూడో తీగ మీదిది ఒక్కటే 7 నుంచి 9కి వెళ్లాలి. 9, 8, 7. ఇ మైనర్ వచ్చేసింది. తర్వాత ఒకటో తీగ మీదిది ఒక్కటే 7 నుంచి 8కి. 9, 8, 8. ఇది సి మేజర్. ఈ ఆకారాన్ని మీరు ఎక్కడో చూశారు, ఎఫ్ కార్డ్‌లో పై మూడు తీగల మీద ఉండేది ఇదే. దాన్ని అలాగే రెండు ఫ్రెట్లు పైకి తోస్తే 11, 10, 10. డి మేజర్. అక్కడినుంచి 12, 12, 10కి వెళ్తే మళ్లీ జి, ఈసారి మామూలు ఎ కార్డ్ ఆకారంలో. ఏ వేలు ఎక్కడ పెట్టాలని నన్ను అడగొద్దు, మీ చేతికి ఏది దగ్గరైతే అది పెట్టండి.

ఈ వరుసను పదిసార్లు నెమ్మదిగా వాయించి చూడండి. నాలుగు కార్డ్స్ పాటంతా అరచేయంత జాగాలో ఇమిడిపోయింది. కార్డ్ మారిన ప్రతిసారీ ఏదో ఒక స్వరం కదిలింది, ఒకటో రెండో అక్కడే ఉండిపోయాయి. డి దగ్గర ఒక్కచోట మాత్రం మూడూ కదిలాయి. కదిలిన ఆ స్వరమే లీడ్. దీనికోసమే మిగతాదంతా చెబుతున్నాను.

మొదటి నెల పని ఇది. ఈ నాలుగు కార్డ్స్‌నీ నెమ్మదిగా స్ట్రమ్ చేసి ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డు చేయండి. ఇంటర్నెట్‌లో దొరికే బ్యాకింగ్ ట్రాకులు వద్దు, వాటిలో డ్రమ్సూ కీబోర్డూ కలిసి మీ లోటును కప్పేస్తాయి. రికార్డింగ్ పెట్టుకుని, కార్డ్ మారిన క్షణాన కదిలిన స్వరాన్ని మాత్రమే మోగించండి. బారుకు ఒకే ఒక్క స్వరం. ఇ మైనర్ రాగానే మూడో తీగ 9. సి రాగానే ఒకటో తీగ 8. డి దగ్గర మూడూ కదిలాయి కాబట్టి మూడో తీగ 11 తీసుకోండి, అది ఎఫ్ షార్ప్, డి కార్డ్‌కు గాంధారం. జి రాగానే అదే తీగ మీద 12. ఆ 11 నుంచి 12కి చేరడం చూడండి. జి ని షడ్జమం అనుకుంటే అది కాకలి నిషాదం షడ్జమాన్ని చేరడమే. మన చెవులకు పుట్టినప్పటినుంచీ అలవాటైన తీపి అది. ఒక్క స్కేలూ వాయించకుండా అది మీ చేతికి వచ్చేసింది.

నెలంతా బారుకు ఒక స్వరమేనా, విసుగు పుట్టదా అంటారు. పుడుతుంది. విసుగు పుట్టిన పిల్లలే మూడో వారంలో తమంతట తాము రెండో స్వరం కలుపుతారు, అది ఎప్పుడూ సరైన చోటే పడుతుంది. మెట్రోనోమ్ కూడా ఈ నెల వద్దు. కార్డ్ మారబోయే ముందు దాని పేరు పైకి అనండి, గొంతు విప్పి. నోరు ముందుంటే వేలు వెనకే వస్తుంది.

ఇంకో మాట, ఇది మాస్టార్లకు అసలు నచ్చదు. తప్పు ఫ్రెట్ మీద మొదలుపెట్టండి. మీరు చేరాల్సిన స్వరానికి ఒక ఫ్రెట్ వెనక వేలు పెట్టి, మోగించి, వెంటనే ముందుకు జార్చండి. 8కి చేరాలంటే 7 నుంచి, 9కి చేరాలంటే 8 నుంచి. బయలుదేరిన చోటు స్కేల్లో ఉందో లేదో చూడొద్దు. చేరిన చోటు కార్డ్‌లో ఉంటే చాలు, ఆ తప్పు వెనక్కి తిరిగి ఒప్పయిపోతుంది. ఎక్కడినుంచి బయలుదేరాలో వెతుక్కుంటూ ఖాళీ అంతా గడిపేసిన కుర్రాళ్లను ఎంతమందిని చూశానో.

లీడ్ మీకు కొత్త అనుకుంటున్నారు గానీ, మీరు ఎప్పుడో వాయించారు. మామూలు డి కార్డ్ పట్టుకుని, ఒకటో తీగ మీది వేలు ఎత్తి, మళ్లీ వేసి, చిటికెన వేలు మూడో ఫ్రెట్ మీద పెట్టి ఆడుకుంటారు కదా. గిటార్ కొన్న నెలలోపే చాలామంది దాన్ని సొంతంగా కనిపెడతారు. ఇ, ఎఫ్ షార్ప్, జి. అది పాట. "ఆ ఆటలు ఆపి స్కేలు వాయించు" అని ఆ పిల్లాడిని ఎవరో ఆపేస్తారు. ఆ ఆటనే ఇంకా ముందుకు తీసుకెళ్తే ఎక్కడికి చేరుతుందో చూడాలంటే జిమీ హెండ్రిక్స్ 1967లో చేసిన 'లిటిల్ వింగ్' మొదలు వినండి. బొటనవేలు లావు తీగ మీద పెట్టి కార్డ్‌ను పట్టుకుంటాడు, మిగిలిన వేళ్లు ఆ కార్డ్ చుట్టూనే తిరుగుతూ పాడతాయి. రిథమ్ ఎక్కడ ఆగిందో లీడ్ ఎక్కడ మొదలైందో విడదీయలేరు.

కార్డ్స్ నుంచి వచ్చేది చిన్న చిన్న ముక్కలే, పెద్ద సోలోలకు స్కేళ్లు కావాలని వాదించేవాళ్లకు నేను 1976 నాటి 'హోటల్ కాలిఫోర్నియా' వినిపిస్తాను. డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ కలిసి వాయించిన ఆ సోలో చివరి భాగం గుర్తుందా? రెండు గిటార్లూ జంటగా జలజలా దిగుతూ ఉంటాయి, గిటార్ ముట్టుకోనివాళ్లకు కూడా ఆ ముక్క తెలుసు. అది కార్డ్స్‌ను స్వరం స్వరంగా విడదీసి వాయించడమే. బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్లీ ఎఫ్ షార్ప్. పాటకు మొదటినుంచీ ఉన్న ఎనిమిది కార్డ్సే. ఇప్పుడు బి మైనర్ స్కేలు బట్టీపట్టినవాణ్ణి దాని మీదికి పంపండి. ఎఫ్ షార్ప్ మేజర్‌లో ఎ షార్ప్ ఉంది, వాడి స్కేల్లో లేదు. ఇ మేజర్‌లో జి షార్ప్ ఉంది, అదీ లేదు. రెండుచోట్లా కార్డ్ ఒకటి చెబుతుంటే వీడు దాని పక్క ఫ్రెట్ నొక్కుతాడు. కార్డ్ ఆకారం పట్టుకున్నవాడికి ఆ స్వరాలు వేళ్ల కిందే ఉంటాయి, పేర్లు తెలియకపోయినా.

బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ సంగతేమిటి అని ఒకరు అడగక మానరు. తాను కార్డ్స్ వాయించనని ఆయనే చెప్పేవారు, అందుకని నా మాట తేలిపోయిందంటారు. ఆయన పాడటం వినండి. ఒక వాక్యం పాడి ఆగి, దానికి జవాబు గిటార్‌తో చెబుతారు. గొంతుకూ వేలుకూ మధ్య కాగితం లేదు. అలా పాడగలిగితే మీరు నా మాట వినక్కర్లేదు. పాడలేనివాళ్లకే ఈ ఆకారాలు, నాలాంటివాళ్లకు.

అందుకే రెండో నెలనుంచి కూనిరాగం తప్పనిసరి. గిటార్ ఒళ్లో పెట్టుకుని, రికార్డింగ్ మోగుతుండగా, ఖాళీలో ఏమి వినాలనుందో నోటితో తీయండి. తర్వాతే వెతకండి, 7, 8, 7 చుట్టుపక్కలే దొరుకుతుంది. నోటికి రాని స్వరాన్ని వేలితో వాయించొద్దు. ఊపిరి ఆగినచోట వేలూ ఆగాలి. ఈ ఒక్క అలవాటు లేకనే మన కుర్రాళ్ల లీడ్లు ఆగకుండా పరుగెడుతూ ఉంటాయి.

మూడో నెలలో గుడ్డ తీసేసి, ఇవే కార్డ్స్‌ను రెండు, మూడు, నాలుగో తీగల మీద వెతుక్కోండి. దాని గురించి ఎక్కువ చెప్పను, అప్పటికి మీ చెవే చెబుతుంది.

ఇక పాటలోకి వెళ్లండి. ఖాళీ వచ్చిందా, 7, 8, 7 పట్టుకోండి. ఇ మైనర్ దగ్గర ఒక వేలు, సి దగ్గర ఒక వేలు, డి దగ్గర చేయంతా పైకి. చివరి బారులో మూడో తీగ 11 నుంచి 12కి జారి అక్కడ ఆగండి. పాడేవాళ్లు చరణం అందుకునేదాకా ఆ వేలు ఎత్తొద్దు.