రెండు రూపాయల ఏజెంటు

మా వంశంలో షుగరు లేదు, బీపీ లేదు. తాతల నాటి నుంచి వస్తున్నదల్లా ప్రతిపక్షమే. ఎవరు గెలిచినా సరే, మర్నాటి నుంచి వాళ్ళంటే మాకు పడదు. లోకంలో పార్టీలు మారేవాళ్ళు అధికారం కోసం మారతారు. మేం ప్రతిపక్షంలో ఉండటం కోసం మారతాం. అందుకని మమ్మల్ని గోడ దూకేవాళ్ళని అంటే ఒప్పుకోను. మేం ఉన్నచోటే ఉంటాం, గవర్నమెంట్లే అటూ ఇటూ దూకుతుంటాయి.

ఈ గుణానికి పెద్దదిక్కు మా నాన్న. ఎన్టీ రామారావు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గెలిచాడు కదా, ఆ తొమ్మిది నెలలూ చైతన్యరథం చుట్టుపక్కల ఎక్కడికొస్తే అక్కడికి సైకిలు తొక్కుకుంటూ పోయినవాడాయన. 1983 జనవరిలో ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఈయన వాలకం నాకేం నచ్చలేదు" అన్నాడట. అసలు చిక్కు 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో వచ్చింది. హైదరాబాదు లెక్కన తెలుగుదేశం పాలకపక్షం, ఢిల్లీ లెక్కన ప్రతిపక్షం. ముందురోజు రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. ఎవరికేశాడో చివరిదాకా చెప్పలేదు. కానీ ఆ పార్టీ 30 సీట్లతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమై కూర్చున్నప్పుడు, తానే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి వచ్చినట్టు మీసం దువ్వాడని అమ్మ చెప్పేది.

ఇక నా సంగతి. 2019 ఏప్రిల్ 11న పోలింగు. దానికి వారం ముందు మావాళ్ళు, అంటే అప్పటి ప్రతిపక్షం వాళ్ళు, ఇంటికొచ్చారు. ఎప్పుడూ బూత్‌లో కూర్చునే కుర్రాడికి పచ్చకామెర్లట. "మీకెలాగూ ఏజెంటు పని అలవాటే కదండీ" అన్నారు. నేను బీమా ఏజెంటుని. ఏజెంటు ఏజెంటే అనుకున్నారు కాబోలు. ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు, షామియానా కింద రెండు గంటలు శిక్షణ ఇచ్చారు. అందులో నాకు గుర్తున్నది ఒకటే మాట: "ఏం జరిగినా కుర్చీలోంచి లేవకండి."

పొద్దున అయిదింటికల్లా స్కూలుకి చేరాను. రెండో తరగతి గది. లోపల ఆ పక్క పార్టీ ఏజెంటుగా ఎవరున్నారనుకున్నారు? మా బావ. మేనత్త కొడుకు. నన్ను చూసి, "నువ్వా బావా! ఇంక మా మెజారిటీకి ఢోకా లేదు" అన్నాడు.

అసలు పోలింగుకి ముందు మాక్ పోల్ అని ఒకటుంటుంది. మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు. ఓట్లు మమ్మల్నే వెయ్యమన్నారు. బావ వాళ్ళ గుర్తు నొక్కాడు, నేను మా గుర్తు నొక్కాను. మళ్ళీ బావ, మళ్ళీ నేను. ప్రిసైడింగ్ ఆఫీసరు గారు నెత్తి కొట్టుకుని, "అయ్యా, మిగతావాళ్ళు కూడా అభ్యర్థులేనండీ, నోటాకి కూడా వెయ్యాలి" అన్నారు. నోటాకి వెయ్యడానికి బావకి మనసొప్పింది, నాకు ఒప్పలేదు. దాంతో లెక్క తీసేసరికి మా పార్టీ రెండు ఓట్ల మెజారిటీతో గెలిచింది. ఆ బూత్ పుట్టాక మావైపు గెలవడం అదే మొదటిసారి. నేను బావ వంక చూసి మీసం మీద చెయ్యి వేశానో లేదో, ఆఫీసరు గారు ‘క్లియర్’ నొక్కి అంతా సున్నా చేసేశారు. నా ప్రభుత్వం నాలుగు నిమిషాలు నిలబడింది.

ఏడింటికి జనం రావడం మొదలైంది. ఊళ్ళో నన్ను చూస్తే పాలసీ అంటగడతానని పక్క సందులోకి తప్పుకునేవాళ్ళంతా ఇక్కడ తప్పించుకునే దారి లేక వరసగా నా ముందు నుంచే నడవాలి. ఆ ఆనందం వేరు. పైగా నా చేతిలో ఓటర్ల జాబితా. జాబితాలో యాభై ఎనిమిదేళ్ళున్న పెద్దమనిషికి నా పాలసీ ఫారంలో నలభై తొమ్మిదే. నేను ఆయన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

పదకొండింటికి దొరికాడు దొంగ. నున్నటి గుండు, మీసం లేదు, ఎర్రబడ్డ కళ్ళు. వరస నంబరూ పేరూ చదివారు. అది మా తాత పేరు. మా వంశంలో ఆ పేరు నలుగురికుంది, అందులో ఒకడు కువైట్‌లో ఉన్నాడు. కువైట్ వాడి ఓటు కొట్టేస్తున్నారన్నమాట! శిక్షణలో చెప్పింది మరిచిపోయి కుర్చీలోంచి లేచాను. "అబ్జెక్షన్!" అన్నాను, కోర్టు సినిమాలు చూసిన అలవాటు కొద్దీ.

ఓటరు అసలువాడు కాదని అభ్యంతరం చెప్పాలంటే రెండు రూపాయలు కట్టాలి. ఏనాడు పెట్టిన రేటో గాని అదే నడుస్తోంది. మన మాట నిజమైతే తిరిగిస్తారు, ఊరికే అల్లరి పెట్టామని తేలితే జమ చేసేసుకుంటారు. నా జేబులో ఐదువందల నోటుంది. ఆఫీసరు దగ్గర చిల్లర లేదు. క్యూ మొత్తం మెడలు చాపి చూస్తోంది. బావ చొక్కా జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "ప్రజాస్వామ్యం ఆగకూడదు బావా, తర్వాత ఇద్దువుగాని" అన్నాడు.

అప్పుడు గుండు నోరు విప్పింది. "అన్నయ్యా, నేనే. రాత్రే తిరుపతి నుంచి దిగాను. లడ్డు ఇంటికి పంపించాను, వదిన చెప్పలేదా?"

మా పెద్దమ్మ కొడుకు. మా ఊళ్ళో మా పార్టీకి ఖాయంగా పడతాయనుకున్న కొద్ది ఓట్లలో ఒకటి. విచారణ అర నిమిషంలో ముగిసింది, రెండు రూపాయలూ సర్కారు ఖాతాలో పడ్డాయి. వాడు మిషను దగ్గరికి వెళ్తూ నా వంక ఒక చూపు చూశాడు. ఆ చూపుతో ఓటు అటు వెళ్ళిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. ఒకటి కూడా కాదు, పార్లమెంటుకీ అసెంబ్లీకీ కలిపి రెండు.

మధ్యాహ్నం మా శిబిరం నుంచి పులిహోర పొట్లం వచ్చింది. అన్నం మేకుల్లా ఉంది. పక్కన బావ పొట్లం విప్పాడు, గదంతా బిర్యానీ వాసన. నేను జాబితాలోకి తలదూర్చాను. కాసేపటికి బల్ల కింద నుంచి ఒక లెగ్ పీసు నా మోకాలికి తగిలింది. "ఓటు అడగడం లేదులే, తిను" అన్నాడు గొంతు తగ్గించి. ఏ సెక్షను కిందకి వస్తుందో తెలియదుగాని, తిన్నాను.

నేను ఓటేసింది కూడా అప్పుడే. మీట నొక్కితే వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి తెగి పడిపోతుంది. ఆ ఏడు సెకన్లూ వేళ్ళకి మసాలా వాసన. నా గుర్తే పడిందని కళ్ళతో చూసి కూడా, ఉప్పు తిన్న మనిషిని కదా, బయటికొచ్చాక బావ మొహం సూటిగా చూడలేకపోయాను. మా ఆవిడ మూడింటికి వచ్చి ఓటేసి వెళ్ళింది. వెళ్తూ మా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకో బావకో తేల్చుకోలేక, ఇంటికెళ్ళాక "ఎవరికేశావు?" అని అడిగాను. "రహస్య బ్యాలెట్టండీ" అంది. పాతికేళ్ళ కాపురంలో మా ఆవిడ దాచిన రహస్యం అదొక్కటే.

పోలింగు అయితే ఏప్రిల్ 11నే అయిపోయింది, లెక్కింపు మాత్రం మే 23న. దేశమంతా ఏడు విడతల్లో ఓటేసేదాకా మనం ఆగాలి. నలభై రెండు రోజులు! బాలింత కూడా మంచం దిగి తిరిగే టైము. రోజూ సాయంత్రం రావిచెట్టు కింద నేనూ బావా లెక్కలు వేసేవాళ్ళం. మా బూత్‌లో నా అంచనాకి మాకు 520, బావ అంచనాకి వాళ్ళకి 540. ఇద్దరం వేళ్ళు మడిచి, వీధులవారీగా, ఇంటింటికీ రుజువు చూపించుకునేవాళ్ళం. నాతో సంతకం పెట్టించుకుని ఇచ్చిన 17సి ఫారంలో పోలైనవి మొత్తం 872. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

మే 23న మావాళ్ళు 175కి 151 గెలిచి కూర్చున్నారు. మా బూత్‌లో మాత్రం ఓడిపోయాం. టపాకాయలు కాలుస్తూ నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్ళలో గుండు తమ్ముడు లేడు. రాత్రి ఇంటికొచ్చేసరికి మా నాన్న వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. "మన వీధి రోడ్డు ఎప్పుడేస్తారట్రా మీ గవర్నమెంటు?" అన్నాడు. ‘మీ’ అన్నప్పుడు గొంతు చల్లగా ఉంది. ఆ రాత్రి నాకూ సరిగా నిద్రపట్టలేదు. పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ, "వీళ్ళ వాలకం..." అని మొదలుపెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి, "అయ్యో, అప్పుడేనా!" అంది.

అలా 2024 మే 13కల్లా నేను బావ పక్షంలో తేలాను. బూత్ లోపల బావ, బయట రెండువందల మీటర్ల అవతల చలివేంద్రం పక్కన స్లిప్పులు రాస్తూ నేను. ఈసారి నాకూ బిర్యానీ. జూన్ 4న మావాళ్ళకి, అంటే కొత్త మావాళ్ళ కూటమికి, 164 వచ్చాయి. బావ స్వీటు పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు. నేను పొట్లం వంక, గోడ మీద నాన్న ఫోటో వంక చూశాను. ఆయన పోయి అప్పటికి ఏడాదైంది. ఫోటోలో కూడా ఎవరో ఒకరు నచ్చనట్టే ఉంటాడు.

బావకి నా మొహం చూడగానే తెలిసిపోయింది. పొట్లం బల్ల మీద పెట్టి, చెయ్యి చాపాడు.

"అటు పోతే పోదువుగాని, ముందు నా రెండు రూపాయలు ఇచ్చి పో."