పొట్లం వెనకాల ఆరోగ్యం

మన ఇళ్లలో ఆహార విప్లవాలన్నీ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చిన సాయంత్రమే మొదలవుతాయి. అమ్మ చెప్పినా, భార్య చెప్పినా, టీవీలో డాక్టరుగారు చెప్పినా ముప్పయ్యేళ్లు చెవిన పెట్టని పెద్దమనిషి, మూణ్ణెల్ల షుగరు ఎనిమిది దాటిందని కాగితం మీద చూడగానే కొర్రలెక్కడ దొరుకుతాయని వాకబు మొదలెడతాడు. ఆ రాత్రికే పంచదార డబ్బా పై అర ఎక్కుతుంది. వారం తిరక్కుండానే దిగుతుంది, అది వేరే సంగతి. "ఒక్క చెంచాకి ఏమవుతుందిలే" అన్న మాట మీద ఎన్ని మందుల షాపులు బతుకుతున్నాయో ఎవరూ లెక్క తీయలేదు.

జనం మంచి తిండి ఎంచుకోవాలంటే అవగాహన పెరగాలని నిపుణులంటారు. అవగాహనకేం కొదవండీ! హైదరాబాద్‌లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే దారిలో బిర్యానీ హోటళ్లు లెక్కపెట్టబోతే సగం దూరంలోనే ఆకలేస్తుంది. ఆ తార్నాక సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2024 మేలో జాతికి 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి కారణం మనం తినే తీరేనంది. ఉప్పు తగ్గించమంది, పంచదార తగ్గించమంది. పొట్లం మీద రాసింది చదివి మరీ కొనమంది.

చదివేవాళ్లని మొన్న మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో చూశాను. ఒక పెద్దాయన, పక్కన కోడలు. ఆయన చేతిలో జొన్నకంకి బొమ్మేసిన బిస్కెట్ పొట్లం.

"అమ్మాయ్, దీన్లో జొన్నలెంతున్నాయో కాస్త చూడమ్మా. నా కళ్లకి ఆనట్లేదు."

కోడలు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. అతుకు మడత కింద దాక్కున్న అక్షరాలని పట్టుకుని, ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివింది. "మొదట మైదా మామయ్యా. తర్వాత పంచదార. ఆ తర్వాత పామాయిల్. జొన్నపిండి... ఉండండి... ఆఁ, ఉంది. ఉప్పుకి ముందు."

"మరి బొమ్మ?"

"బొమ్మ మాత్రం అచ్చంగా జొన్నదే మామయ్యా."

పెద్దాయన కాసేపు ఆలోచించి పొట్లాన్ని బుట్టలో వేశాడు. "పోన్లే, ఉందిగా!"

ఇందులో కంపెనీ చేసిన నేరమేమీ లేదు. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలని మన చట్టం చెబుతుంది. వాళ్లు అలాగే రాశారు. కాకపోతే చట్టానికి వెనకవైపు ఇచ్చి, వ్యాపారానికి ముందువైపు ఉంచుకున్నారు. ముందువైపు జొన్నకంకి, ఆకుపచ్చ రంగు, పరుగెత్తే నాజూకు అమ్మాయి ఉంటారు. వెనకవైపు మైదా.

మాటలకీ లోటుండదు. చక్కెర కలిపిన పొడులన్నీ ఏళ్లతరబడి ఆన్‌లైన్ అంగళ్లలో 'హెల్త్ డ్రింక్' వరసలో కూర్చున్నాయి. ఆహార భద్రతా చట్టంలో అలాంటి పానీయానికి నిర్వచనమే లేదని కేంద్రానికి గుర్తొచ్చి, ఆ వరసలోంచి లేపమన్నది 2024 ఏప్రిల్‌లో. ఆ చట్టం వచ్చింది 2006లో. ఈలోపు ఆ పొడి తాగిన పిల్లలకి పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. నీళ్లు కలిపిన రసం మీద 'నూరు శాతం పండ్లరసం' అని రాయొద్దని ఉత్తర్వు వచ్చిందీ ఆ ఏడాదే.

మరి ముందువైపే నిజం రాయిస్తే? ఆ ఆలోచన మనవాళ్లకి రాకపోలేదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో ఒక ముసాయిదా తెచ్చింది. పొట్లం మీద అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా రేటింగ్ ఇస్తారట. తెలుగువాడికి రేటింగుల గురించి చెప్పాలా! శుక్రవారం మధ్యాహ్నానికల్లా ప్రతి సినిమాకీ రెండు ముప్పావు వేసి, "ఒకసారి చూడొచ్చు" అని తీర్పిచ్చే జాతి మనది. చిప్స్ పొట్లానికి రెండున్నర వస్తే మనకి అర్థమయ్యేది కూడా అదే: ఒకసారి తినొచ్చు. ఉప్పెక్కువని హెచ్చరించడానికి నక్షత్రం పెట్టడమంటే, తప్పిన కుర్రాడికి మెడల్ వేసి, తప్పావురా అని చెప్పడమే.

చిలీ దేశంవాళ్లకి ఈ మొహమాటాలు లేవు. 2016 నుంచి చక్కెరో, ఉప్పో, కొవ్వో హద్దు దాటిన పొట్లం ముందువైపు ఎనిమిది పలకల నల్ల ముద్ర కొట్టిస్తున్నారు. ముద్ర పడిన సరుకు బళ్లో అమ్మకూడదు, దాని మీద పిల్లల్ని పిలిచే కార్టూన్ బొమ్మ ఉండకూడదు. చక్కెర ఎక్కువున్న పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగోవంతు పడిపోయాయని తర్వాత లెక్కలు తీశారు. మన దగ్గర సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ ముందువైపు రాతల సంగతి మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చమంది. జూలైలో ఇంకో మూడు నెలలు ఇచ్చింది. చిప్స్ పొట్లానికి గడువు తేదీ ఉంటుంది కానీ, మన గడువులకి ఉండదు.

అసలు తెలుగువాడి కంచాన్ని మార్చింది బొమ్మలూ కాదు, సూత్రాలూ కాదు. ధర. 1983లో ఎన్టీ రామారావు కిలో బియ్యం రెండు రూపాయలకి ఇచ్చారు. పేదవాడికి కడుపునిండా అన్నం దొరికింది, అది చిన్న విషయం కాదు. దాంతోపాటే జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం మెల్లగా మంచమెక్కాయి. వరన్నం పండక్కి మాత్రమే చూసిన ఇళ్లలో సంగటి అంటే లేమి అన్న అర్థం స్థిరపడిపోయింది. ఏ డాక్టరూ చెప్పకుండానే, ఏ నక్షత్రమూ వేయకుండానే ఒకే తరంలో ఊళ్లకి ఊళ్లు తిండి మార్చేశాయి. జనం మారరని ఎవరన్నారండీ?

ఇప్పుడు చక్రం పూర్తిగా తిరిగింది. మన దేశమే అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించింది. కొర్రలు సోనామసూరిని మించిన ధరతో, జిప్ ఉన్న సంచీలో, ఏసీ గదిలో ప్రత్యక్షమయ్యాయి. అవి పండించిన రైతు మాత్రం రేషన్ బియ్యం తింటున్నాడు. పెళ్లిళ్లలో మిల్లెట్ కౌంటర్ ఒకటి వెలిసింది. పెళ్లికొడుకు తండ్రి ప్రతి అతిథినీ అక్కడిదాకా నడిపించి చూపిస్తాడు, అతిథి చూసి మెచ్చుకుని జిలేబీ వరసలో నిలబడతాడు. తాతకి లేమి అయిన సంగటి మనవడికి హోదా అయింది. వెరసి రెండుసార్లూ కంచంలోకి రాలేదు.

ధరతో కంచం మార్చే ఈ కిటుకు ప్రభుత్వాలకి తెలియదనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ 2023లో బడిపిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ పోసింది. బళ్లో ఊరికే దొరికితే పిల్లలు తాగారు, యూట్యూబ్ ఉపన్యాసం అవసరం పడలేదు. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తోంది. దొడ్డుబియ్యం తిని విసిగిన జనం సంతోషించారు, నేనూ కాదనను. ఒకవైపు తార్నాక సంస్థ తెల్లన్నం తగ్గించమంటుంది, ఇంకోవైపు సంచీ ఊరికే వస్తుంది. ఈ రెంటిలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి పోషకాహార శాస్త్రం చదవక్కర్లేదు.

సూపర్‌మార్కెట్ వాడు ఇదంతా ఎప్పుడో చదివేశాడు. అందుకే వాడి ఓట్స్ మూడో వరస మూలన ఉంటాయి, చాక్లెట్లు బిల్లు కౌంటర్ పక్కన, మూడేళ్ల పిల్లాడి చేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. వెనక పదిమంది నిలబడ్డ చోట పిల్లాడు రాగం తీస్తే ఏ తండ్రికి పోషకాహార సూత్రాలు గుర్తొస్తాయి?

కాబట్టి ఏలినవారికి మనవి. బియ్యం ఇచ్చిన చేత్తోనే, కావాలన్నవాళ్లకి జొన్నలో రాగులో అదే ధరకి ఇవ్వండి. పొట్లం ముందువైపు నక్షత్రాలు కాదు, హెచ్చరిక వేయించండి. తెలుగులో వేయించండి. కొనేవాళ్లకి కూడా ఒక మాట. గడువుల మీద గడువులు పడుతున్నాయి కాబట్టి ఈలోపు మీరే పొట్లం తిప్పండి, పదార్థాల వరసలో మొదటి మూడు పేర్లు చదవండి. మైదా, పంచదార, పామాయిల్ కనిపిస్తే మీరు కొంటున్నది మామూలు బిస్కెట్టే. మామూలు బిస్కెట్టు పక్క అరలో ఇంతకన్నా చవగ్గా దొరుకుతుంది.