గాలికి రేటెంత?

హైదరాబాదులో ఇప్పుడు మీటరే ధర్మదేవత. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మొదలుపెట్టినప్పుడు బస్తీలను మినహాయించి మిగతా ఇళ్లకు షరతు పెట్టారు: మీటరు బిగించుకోవాలి, అది పనిచేస్తూ ఉండాలి. మీటరుంటే న్యాయం ఉన్నట్టేనట. ఆ న్యాయం ఎలా నడుస్తుందో నల్లా గుంత పక్కన కాసేపు గొంతుక్కూర్చుని చూడండి.

చాలా వీధుల్లో నీళ్లు రోజు విడిచి రోజు. రాని రోజు పైపు నిండా గాలే. లైన్‌మన్ వాల్వు తిప్పగానే నీళ్లు ఆ గాలిని ముందుకు తోసుకుంటూ బయల్దేరతాయి. నల్లా దగ్గుతుంది, బుసకొడుతుంది. బిందెలో చుక్క పడదు. మీటరు అద్దం కిందున్న బుల్లి చక్రం మాత్రం రంగులరాట్నంలా గిర్రున తిరిగేస్తుంటుంది. నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్ర అంకెలు లీటర్లు. గాలికి వేరే రంగు అంకెల్లేవు. లోపలి రెక్కను నెట్టిందల్లా దాని దృష్టిలో నీరే. పోనీ, చివర్లో ధార సన్నబడి బొట్లుబొట్లుగా కారేటప్పుడైనా లెక్కపెడుతుందా? అప్పుడు కదలదు. గాలికి లేచి నీళ్లకు నిద్రపోయే యంత్రం!

మీటరు ఆగిపోతే ‘సగటు’ బిల్లు. తాళం వేసి ఊరెళ్లినా సగటే. ఊళ్లో లేనివాడి దాహాన్ని కూడా కొలవగల విద్య ఇది.

అపార్ట్‌మెంట్లలో సాధారణంగా అందరికీ కలిపి గేటు దగ్గర ఒకటే మీటరు. బిల్లును ఫ్లాట్ల లెక్కన పంచేస్తారు. ఒంటరిగా ఉండే మామ్మగారికీ, రోజూ రెండు కార్లు పైపుతో కడిగించే పెద్దమనిషికీ సమాన వాటా. (సోషలిజం రాలేదని బెంగపడేవాళ్లు ఫ్లాటు కొనుక్కోవచ్చు.)

ఇంతకీ ఈ నీళ్లు ఊరికే రావు. కృష్ణను నాగార్జునసాగర్ నుంచి, గోదావరిని ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా కరెంటుతో ఎత్తిపోసి తెస్తున్నారు. అలా తెచ్చినదాంట్లో వాల్వు గుంతల్లో, పాత పైపుల పగుళ్లలో పోయేదాని పేరు ‘లెక్కకు రాని నీళ్లు’. మన గుమ్మంలో చెంబుకు లెక్క, నడిరోడ్డులో కాలువకు లెక్క లేదు. లైన్లలో గాలిపోయే వాల్వులు సరిగ్గా ఉంచి, వీధివీధికీ ఎంత వదిలారో కొలిచే మీటర్లు పెడితే గాలి లెక్క, నీళ్ల లీకు అనే ఈ రెండు రోగాలూ చాలావరకు కుదురుతాయి. కానీ ఆ మీటర్లు తిరిగితే బిల్లు మనకు రాదు, జవాబు నీళ్లు వదిలేవాళ్లు చెప్పుకోవాలి.

2025 ఏప్రిల్‌లో నల్లాకు మోటారు బిగిస్తే 5 వేల జరిమానా అన్నారు. మంచిదే, పక్కింటి నీళ్లు లాక్కునేవాడికి పడాల్సిందే. మరి రోడ్డు కింద నెలల తరబడి కారే పైపుకు జరిమానా రసీదు ఎవరి పేరున రాద్దాం?