సమయాభావం వల్ల కచేరీ క్లుప్తంగా

ఆహ్వాన పత్రికలో కచేరీ సాయంత్రం ఆరింటికని బంగారు రంగులో అచ్చవుతుంది. ఆరింటికి హాల్లో కనిపించేది మైకు ముందు నిలబడి "హలో, చెక్, చెక్" అనే కుర్రాడు ఒక్కడే. ఆరున్నరకు ఎవరో కుందిలో వత్తులు వేస్తారు, అగ్గిపెట్టె కోసం ఇంకెవరో పరిగెడతారు. ముఖ్య అతిథి దారిలో ఉన్నారన్న కబురు ఏడింటికి వస్తుంది. ఆ దారి పొడవెంతో నిర్వాహకులకూ తెలియదు. ఆయన వచ్చేదాకా ఖాళీగా ఉండడమెందుకని విశిష్ట అతిథి నాలుగు మాటలు మొదలుపెడతారు. విద్వాంసుడు తెర వెనక తంబురా పక్కన కూర్చుని ఉంటాడు. ఆయన వచ్చింది ఐదున్నరకే. ఆహ్వాన పత్రికను నమ్మిన అమాయకుడు ఆ ప్రాంగణంలో ఆయనొక్కడే.

ఈలోగా మాదాపూర్‌లో ఓ ఉద్యోగి ఆరింటికి కంప్యూటరు కట్టేసి బయటపడతాడు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో జనం మధ్యలోనే రైలు మారి, లక్డీకాపూల్‌లో దిగి రవీంద్రభారతి మెట్లు ఎక్కేసరికి ఏడుంపావు. వర్ణం ఎలాగూ పోయింది, రెండో కృతి మధ్యలో తలుపు తీస్తే బాగుండదేమోనని మొహమాటపడుతూ లోపలికి తొంగిచూస్తాడు. వేదిక మీద పదకొండు మంది కుర్చీల్లో ఉన్నారు. పాడేవాళ్లు వాళ్లలో ఎవరూ కారు.

సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి: తెలుగు సాంస్కృతిక సంస్థలు అతిథుల్ని ఇన్ని రకాలుగా విడదీసినంత ఓపికతో రాగాల్ని మేళకర్తలుగా విడదీసినవాళ్లు కూడా పనిచేసి ఉండరు. ఒక్కొక్కరికీ ఓ పుష్పగుచ్ఛం, ఓ శాలువా, ఓ జ్ఞాపిక, ఓ ఫోటో. ఫోటో సరిగా రాలేదంటే కప్పిన శాలువా తీసి మళ్లీ కప్పుతారు. ఆపైన ప్రసంగాలు. "నాకు సంగీతం గురించి ఏమీ తెలియదు" అని మొదలుపెట్టిన పెద్దమనిషి ఆ మాటను సోదాహరణంగా నిరూపించేదాకా మైకు వదలడు. "రెండే రెండు ముక్కలు" అన్నవారిది ఇంకా ప్రమాదం. ఆ రెండు ముక్కలూ తెగవు. చివరికి వ్యాఖ్యాత చేతిలో చీటీ చూసుకుని, గొంతులో బోలెడంత విచారం నింపుకుని, సమయాభావం వల్ల కళాకారులు తమ కార్యక్రమాన్ని క్లుప్తంగా ముగించవలసిందిగా కోరతాడు. సమయాన్ని మింగినవాళ్లంతా అప్పటికే కార్లెక్కి ఉంటారు.

ఇందులో మృదంగ విద్వాంసుడి కష్టం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మృదంగానికి ఎడమ వైపు గంభీరమైన నాదం రావాలంటే కచేరీకి ముందు బొంబాయి రవ్వ ముద్దను తడిపి మూత మధ్యలో అంటించాలి. ఆ తడి ఉన్నంతసేపే ఆ నాదం. ఆరింటి కచేరీకని అంటించిన రవ్వ, ఏసీ గాలిలో, గౌరవ అతిథి తన బాల్యంలోంచి కాలేజీ రోజుల్లోకి ప్రవేశించేసరికి ఎండిపోతుంది. విద్వాంసుడు చెంబులో నీళ్లు తెచ్చుకుని మళ్లీ తడుపుకుంటాడు. కుడి వైపు శ్రుతి కూడా మళ్లీ రాయితో కొట్టి సరిచేసుకోవాలి. ఇంత చేసినా, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వంతు వచ్చేసరికి వేదిక పక్కనుంచి నిర్వాహకుడు చేతి గడియారం మీద వేలు పెట్టి చూపిస్తాడు. పాపం, సైగ అర్థమైన విద్వాంసుడు ముగింపు ఘట్టాలైన మోహరా, కోర్వై రెండూ కలిపి ఒక్క ఊపిరిలో ముగిస్తాడు. కూచిపూడి కార్యక్రమమైతే ఇంకా దారుణం. నాలుగింటికే మేకప్ వేయించుకుని, జడబిళ్లలు పెట్టించుకుని, గజ్జెలు కట్టుకున్న చిన్నపిల్లలు పక్క తెరల చాటున నిలబడి ఉంటారు. రంగు చెరక్కుండా తల్లులు వాళ్లకు స్ట్రాతో నీళ్లు పట్టిస్తుంటారు. కూర్చుంటే చీర మడతలు నలుగుతాయి. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా తన జడ వేసి, నేనెవరో చూసుకోండని తానే ప్రవేశ దరువుతో పరిచయం చేసుకుంటుంది. పరిచయకర్త అవసరం లేకుండా శతాబ్దాల క్రితమే ఏర్పాటు చేసుకున్న కళ అది. ఆ కళకు ఇప్పుడు ముగ్గురు పరిచయకర్తలు.

ఇదంతా సంప్రదాయమని ఎవరైనా అంటే వారిని నాట్యశాస్త్రం ఐదో అధ్యాయం దగ్గరికి పంపాలి. నాటకానికి ముందు జరిగే తతంగానికి భరతుడు పూర్వరంగం అని పేరు పెట్టి, తెర వెనక తొమ్మిది, తెర తీశాక పది, మొత్తం పందొమ్మిది అంగాలు చెప్పాడు. తతంగాలంటే ఆయనకేమీ పడకపోవడం కాదు. అయినా అదే అధ్యాయంలో ఆయనే హెచ్చరించాడు: పూర్వరంగంలో ఆటపాటలు శ్రుతిమించితే ప్రయోగించేవాళ్లూ అలసిపోతారు, చూసేవాళ్లూ అలసిపోతారు, అలసినవాళ్లకు రసభావాలు స్పష్టంగా అందవు. ఆటపాటలకే అంత జంకిన మహానుభావుడు ఆత్మీయ అతిథిని ఊహించలేకపోయాడు. ఇరవయ్యో అంగాన్ని మనమే చేర్చుకున్నాం.

ఇంతకంటే చోద్యం ఈ శాలువాలు ఎవరి పేరు మీద కప్పుకుంటున్నామన్నది. తంజావూరు రాజు పిలిపించి కానుకలిస్తానన్నా త్యాగయ్య వెళ్లలేదన్నది ప్రతి సంగీత సభలోనూ ఎవరో ఒకరు చెప్పే కథ. నరస్తుతి చేయనన్నాడని గొంతు గద్గదమయ్యేలా చెబుతారు. చెప్పి, వెంటనే పక్కకు తిరిగి, పక్క కుర్చీలో ఉన్న దాత మీద పావుగంట నరస్తుతి అందుకుంటారు. సన్మాన పత్రాలు రాసిపెట్టే కవులున్నారు, పద్యానికి ఇంతని. బిరుదుల తయారీ మరీ తేలిక. గాన అనో నాట్య అనో ముందు పెట్టి, వెనక శ్రీ, సుధ, నిధి, రత్నల్లో ఖాళీగా ఉన్నది తగిలిస్తే చాలు. త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పుష్య బహుళ పంచమి నాడు పంచరత్నాలు బృందగానం చేయడానికి నేల మీద కూర్చున్నవాళ్లు, కుర్చీల్లోని వాళ్ల ప్రసంగాలు అయ్యేదాకా శ్రుతిపెట్టె కట్టేసుకోవలసిన ఊళ్లు ఒకటీ రెండూ కావు.

నిర్వాహకుల్ని అడిగితే వాళ్ల బాధ వాళ్లది. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గదీ కాదు. హాలు అద్దె, మైకులు, కళాకారుల ప్రయాణం, బస, పారితోషికం: ఇవన్నీ ఎవరో ఒకరు ఇవ్వాలి. ప్రేక్షకుడు ఇవ్వడు. "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అన్నది మన సంగీత సభల వేదవాక్యం. కాబట్టి దాత ఇస్తాడు. ఇచ్చినవాడికి మైకు ఇవ్వకపోతే వచ్చే ఏడు ఇవ్వడు. లెక్క సరిగానే ఉంది. టికెట్టుకు రెండు వందలు పెట్టడానికి మనసొప్పని రసికుడు ఆ బాకీని చెవులతో తీర్చుకుంటున్నాడు. మూడు వందల పాప్‌కార్న్ కొన్న చేత్తోనే సంగీతం ఉచితంగా కావాలనే మధ్యతరగతి కూడా ఈ శాలువాకు ఒక అంచు పట్టుకునే ఉంది.

ఒప్పుకోలేనిది వాళ్ల రెండో వాదన. జనం ఆలస్యంగా వస్తారు గనక, వచ్చేదాకా ప్రసంగాలు పెడుతున్నామంటారు. ప్రసంగాలుంటాయని తెలిసే జనం ఆలస్యంగా వస్తున్నారు. దీన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ముంబయి జుహూలో పృథ్వీ థియేటర్ 1978 నుంచి ఆ పని చేస్తోంది. నాటకం మొదలయ్యాక తలుపు తెరవరు, ఎంతటివారైనా బయటే. దాంతో ముంబయి ట్రాఫిక్‌లో కూడా జనం వేళకు చేరడం నేర్చుకున్నారు. అంతదూరం ఎందుకు, ఆకాశవాణి ఉంది. 1952లో మొదలైన సంగీత జాతీయ కార్యక్రమం శనివారం రాత్రి చెప్పిన వేళకు వచ్చేది, చెప్పిన వేళకు ముగిసేది. రేడియోలో శాలువా కనిపించదు కాబట్టి ఎవరూ కప్పలేదు. పెద్ద పెద్ద విద్వాంసులు ఎర్ర దీపం వెలగగానే రాగం అందుకుని, గడియారం ముల్లు చూసుకుంటూ పల్లవి దాకా చేర్చి దించేవారు. చెప్పిన గడువులో నిండు కచేరీ సాధ్యమేనని తెలుగువాళ్లకు అలవాటు చేసింది ఆ స్టూడియోలే. సమస్య కళాకారుడికి కాలజ్ఞానం లేకపోవడం ఎప్పుడూ కాదు.

నాటకాల వైపు ఇంకో వింత. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది, క్రమంగా మనకు పోటీ నాటకాల సంప్రదాయమూ ఏర్పడింది. పరిషత్తు పోటీల్లో నాటికకు నిమిషాల లెక్క ఉంటుంది. దాటితే న్యాయనిర్ణేత కలం కదులుతుంది. రెండు నాటికల మధ్య జరిగే సన్మానానికి మాత్రం ఏ లెక్కా లేదు. ఒకప్పుడు పద్యనాటకాలు తెల్లవార్లూ సాగేవి, నిజమే. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యం అందుకుంటే జనం వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ పాడించుకునేవారు. ఆ ఆలస్యం జనం కోరి తెచ్చుకున్నది. ముఖ్య అతిథి ప్రసంగానికి వన్స్‌మోర్ పడిన దాఖలా తెలుగు రంగస్థల చరిత్రలో ఇంతవరకూ లేదు. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు టికెట్టు కొన్న ప్రేక్షకుణ్ణి నమ్ముకుని తరాల తరబడి బతికారు. తెర లేవడం ఆలస్యమైతే ఈలలు మొదలవుతాయని వాళ్లకు తెలుసు. ఇప్పటి హాళ్లలో ఈల వేసేంత చొరవ ఎవరికీ లేదు, ఉచితంగా వచ్చాం కదా.

సన్మానాలు మానెయ్యమని ఎవరూ అనడం లేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ డిసెంబరులో కచేరీలు పెట్టి, సంగీత కళానిధి ప్రదానాన్ని జనవరి 1న సదస్సు పేరుతో విడిగా చేస్తుంది. 1941లో ద్వారం వెంకటస్వామి నాయుడుకూ, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణకూ ఆ బిరుదు దక్కింది. ప్రసంగాలు వినాలనుకున్నవాళ్లు ఆ రోజు వెళతారు, పాట కావలసినవాళ్లు మిగతా రోజుల్లో వెళతారు. మనవాళ్లూ ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. శనివారం కచేరీ, ఆదివారం శాలువాలు. శనివారానికి రెండు వందల టికెట్టు, ఆదివారానికి ప్రవేశం ఉచితం, భోజనం కూడా పెట్టవచ్చు. ఈ ప్రతిపాదన చెబితే నిర్వాహకులు కాసేపు ఆలోచించి, ఆదివారం ఎవరొస్తారండీ అని అడుగుతారు.