రోజుకో ఇటుక

నా పుస్తకం పేరు ‘రోజుకో ఇటుక’. ఓపిక మీద 270 పేజీలు. 20 రోజుల్లో రాసేశాను. ఈ రెండో సంగతి సభల్లో చెప్పను.

పోయిన నెల పబ్లిషరు ఫోన్ చేసి, ‘గోడౌన్‌లో ఒక్క కాపీ లేదండీ, మొత్తం కదిలిపోయింది’ అన్నాడు. వెయ్యి కాపీలు కదలడానికి నాలుగేళ్లు పట్టింది. పడితే పట్టింది, నా సిద్ధాంతమే అది కదా! ఆ హుషారులోనే, నాంపల్లిలో ఓ ఆదివారం సాయంత్రం మాట్లాడమని ఎవరో పిలిస్తే సరేనన్నాను.

సభ ఐదింటికి. మూడింటికే ఆబిడ్స్‌లో దిగాను. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఒకప్పుడు అక్కడ దుకాణం నడిపాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఆదివారాలు షాపుల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ గైడ్లు, అట్టలూడిన నవలలు, ఎవరో ఎవరికో ‘అభిమానంతో’ అని సంతకం పెట్టిచ్చిన కవితా సంపుటాలు. అక్కడికెళ్లిన రచయిత ఎవడైనా తన పుస్తకం కనబడుతుందేమోనని ఓ కంట వెతుక్కుంటాడు, కనబడకూడదని మొక్కుకుంటూ. నేనూ వెతికాను. లేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఎప్పుడూ కొనే పెద్దాయన దగ్గర ఆగాను. ఓ ప్లైవుడ్ పలక, దాని నాలుగు మూలల కింద ఇటుకలు, పైన పుస్తకాలు. అదే ఆయన కొట్టు. ఆ ఇటుకలు చూడగానే బుర్రలో బల్బు వెలిగింది. వేదిక మీద నిజం ఇటుక పట్టుకుని మాట్లాడితే?

‘‘పెద్దాయనా, ఒక్క ఇటుక ఇస్తారా? సభ అయిపోగానే తెచ్చిస్తాను.’’

‘‘పుస్తకం గాదా సార్?’’

‘‘కాదు, ఇటుకే.’’

‘‘ఇన్నేండ్ల సంది ఈడ కూసుంటున్న. ఇటుక అడిగిన గిరాకి మీరే.’’

నవ్వుతూనే వంగి, మూలనున్న రెండు ఇటుకలు లాగి, ఒకదానికొకటి తాటించాడు. ఖంగుమన్నాయి. అందులో ఒకటి ఏరి, దుమ్ము దులిపి చేతికిచ్చాడు. ‘‘ఇది మంచిగ కాలింది. పైలం సార్. మళ్ల తెచ్చియ్యాలె. లేకుంటే పలక ఊగుతది.’’

పేపర్లో చుట్టుకుని స్టేషన్ రోడ్డు పట్టాను. ఇటుకంటే మూడు కిలోలు. 1907 నాటి నాంపల్లి స్టేషన్ కనబడేసరికి రెండు చేతులూ మార్చి మార్చి లాగేస్తున్నాయి. ఇటుక గొప్పదనం మీద అన్ని పేజీలు రాసినవాణ్ని, ఒక ఇటుకని కిలోమీటరు మోసింది మాత్రం ఆ రోజే.

సభ మాత్రం అదిరింది. తొమ్మిదంగుళాల ఇటుకని తలపైకెత్తి చూపించాను. మట్టిని తొక్కి, అచ్చులో పోసి, ఎండలో ఆరబెట్టి, బట్టీలో కాలిస్తే గానీ ఇది ఇటుక కాదన్నాను. నీళ్లలో నానకుండా గోడెక్కితే సిమెంటులో తడంతా తనే పీల్చేసి అతుకు నిలవనివ్వదన్నాను. తెలిసిన మేస్త్రి ఒక్క రోజులో ఐదడుగులకు మించి గోడ లేపడని, కింది వరసలు గట్టిపడాలని చెప్పాను. ఊళ్లో ఉన్న ఉదాహరణా వదల్లేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలెట్టిన చిన్న ఎగ్జిబిషన్ ‘నుమాయిష్’, రెండున్నర రూపాయల పెట్టుబడితో పుట్టిందని చెప్పుకునేది, 1946లో ఇప్పటి మైదానానికి చేరి, ఆ ఆదాయంతోనే ఎన్ని కాలేజీలు నిలబెట్టిందో వివరించాను. చప్పట్లు. ఒకాయన లేచి, ‘‘సార్, తమరు ఇల్లు కట్టారా?’’ అన్నాడు. ‘‘ఫ్లాటు కొన్నానండీ’’ అన్నాను. దానికీ చప్పట్లే.

శాలువా, జ్ఞాపిక, ఫొటోలు, టీ. రోడ్డు మీదికొచ్చి ఆటో పిలిచాక గుర్తొచ్చింది ఇటుక. వెనక్కి పరిగెత్తాను. హాలుకి తాళం పడింది, వాచ్‌మన్ పత్తా లేడు.

జ్ఞాపిక చేత్తో పట్టుకుని, శాలువా భుజాన వేసుకుని ఆబిడ్స్ చేరేసరికి ఏడున్నర. పెద్దాయన పుస్తకాలు గోనెసంచిలోకి సర్దుతున్నాడు. క్షమాపణ నోటిదాకా వచ్చింది గానీ, చూపు పలక మీద పడి ఆగిపోయాను. ఏ మూలా కుంగలేదు. వీధిలైటు వెలుతురులో వంగి చూశాను.

ఇటుక తీసిన చోట నాలుగు పుస్తకాలు. నాలుగూ ఒకటే పుస్తకం. పైదాని వెనకట్ట పైకుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్న నా ఫొటో, సరిగ్గా ముక్కు మీద పలక మూల.

శాలువా గడ్డం దాకా లాక్కున్నాను. ‘‘ఇవి... ఎక్కడివి?’’

‘‘పోయిన్నెల వచ్చినయి సార్. కిలోల లెక్క. కట్టలు గూడ ఇప్పలే, మొత్తం కొత్తయే. రెండైతారాలు పైన పెట్టి చూసిన, ఒక్కలు ముట్టలే. సంచిల పడేసిన. మీరు ఇటుక తీస్కపోంగనే యాదికొచ్చినయ్.’’ పలకని అరచేత్తో ఒత్తి చూపించాడు. ‘‘నాలుగు పెడితే సరిగ్గ ఇటుకంత మందం. జెరంత గూడ ఊగుతలేదు.’’

‘‘ఎంతకిస్తారు?’’

‘‘ఏంటియి?’’

‘‘ఆ నాలుగూ.’’

పెద్దాయన నన్నొకసారి ఎగాదిగా చూశాడు. ‘‘గవ్విటికి పైసలెందుకు సార్, ఉత్తగనే తీస్కపోండి’’ అని చెయ్యి చాచాడు. ‘‘ముందు నా ఇటుక ఇయ్యండి.’’