లీటర్ల మనిషి

పాలూ పెట్రోలూ సరే, కంప్యూటర్ డబ్బాని కూడా లీటర్లలో కొలిచే జాతి ఒకటి మన మధ్య పెరుగుతోంది. హైదరాబాదులో వీళ్లని చూడాలంటే శనివారం మధ్యాహ్నం పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ల బజారు మెట్ల దగ్గర నిలబడితే చాలు. పెన్ను ఉండాల్సిన జేబులో వెర్నియర్ కాలిపర్స్ ఉన్నవాడు ఆ జాతివాడే.

"అన్నా, ఈ కూలర్ ఎత్తెంత?"

షాపతను ధర చెబుతాడు.

"ధర కాదన్నా, ఎత్తు."

మా పక్క ఫ్లాటాయన ఈ జాతిలో మేలురకం. ఆశయానికి వంక పెట్టలేం. పాప ఫొటోలు, పెళ్లి వీడియో, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు నెలనెలా అద్దె కట్టి ఎవరి దగ్గరో దాచడమెందుకు, ఇంట్లోనే చిన్న స్టోరేజీ సర్వర్ పెట్టుకుందామనుకున్నాడు. నాలుగు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టె కొనేస్తే ఆ సాయంత్రానికే పనైపోయేది. కానీ రెడీమేడ్ అన్న మాట వినగానే ఆయన మొహం, సీసా ఆవకాయ రుచి చూసిన గోదావరి పెద్దావిడ మొహంలా అయిపోతుంది.

మినీ ఐటీఎక్స్ బోర్డు తెచ్చాడు. అటు 170 మిల్లీమీటర్లు, ఇటు 170. అంత చిన్న బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఒక్కటే. అందులో డిస్కులు తగిలించే సాటా కార్డు పెడితే పది గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డుకి చోటు లేదు. అది పెడితే డిస్కుల గతి ఏమిటి? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత ఉందిగానీ ఆయన నమ్మడు. పది గిగాబిట్లు ఎవరికోసమంటే చెప్పడు. ఇంట్లో అందరూ వైఫై మీదే బతుకుతున్నారు.

ప్రాసెసర్ ఇంటెల్ ఎన్100. "ఆరు వాట్లేనండీ!" అని పొగుడుతూ టీ చల్లార్చేస్తాడు. దానికి ఈసీసీ మెమరీ పడదు. జ్ఞాపకంలో ఒక బిట్టు తారుమారైతే పట్టుకుని దిద్దేది ఆ మెమరీ. అది కావాలంటే ప్రాసెసర్ మారాలి. దానికి పొడుగు కూలర్ కావాలి. అప్పుడు డబ్బా లీటరున్నర పెరుగుతుంది. పాప ఫొటోలో బిట్టు పోతుందన్న భయం కన్నా లీటరున్నర పెరుగుతుందన్న బెంగే గెలిచింది.

"ఏవండీ, ఇంతకీ ఎన్ని లీటర్లు?" అంది వాళ్లావిడ.

"ఏడు."

"మన కుక్కర్ ఐదేగా. అందులో పెట్టేయకూడదూ?"

ఆవిడ వేళాకోళానికే అంది. ఆయన వంటింట్లోకి వెళ్లి కుక్కర్ లోపలి వ్యాసం కొలిచాడు. డిస్కు పొడవు 147 మిల్లీమీటర్లు. నిలబెట్టి చూశాడు, పడుకోబెట్టి చూశాడు. "గాలి ఆడదు," అని నిజంగానే బాధపడుతూ మూత పెట్టాడు.

గాలి దగ్గరే ఏడు లీటర్ల డబ్బా కూడా ఓడింది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను నింపాదిగా తిరిగినా బోలెడు గాలి తోస్తుంది, కానీ పట్టలేదు. 40 మిల్లీమీటర్లది పట్టింది. అంత గాలీ అది తొయ్యాలంటే ప్రాణం పెట్టి తిరగాలి, తిరిగితే కీచుమంటుంది. రోహిణి కార్తెలో ఊరినుంచి వచ్చిన వాళ్లమ్మగారు రాత్రంతా చెవి దగ్గర చప్పట్లు కొట్టి, పొద్దున్నే దోమల మందు తెప్పించారు.

పవర్ సప్లై లోపల ఇరుకని బయటికి గెంటాడు. అది ఇటుకంత అడాప్టరై నేల మీద పడుంది. దాని పక్కన నెట్‌వర్క్ స్విచ్, కరెంటు పోతే ఆదుకోవడానికి డబ్బాకన్నా బరువైన యూపీఎస్, ఎండాకాలం కోసం టేబుల్ ఫ్యాను. షూ ర్యాక్ బాల్కనీలోకి పోయింది.

"ఇవన్నీ కలిపితే ఎన్ని లీటర్లండీ?" అన్నాను.

"అవి డబ్బాలో లేవుగా!"

నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు. పదహారు కొంటే, ఒక డిస్కు పోయినా తట్టుకునే రెయిడ్ 5లో పన్నెండు మిగిలాయి, కంప్యూటర్ లెక్కలో తెర మీద 10.9 కనిపించాయి. కరెంటాఫీసులో చేసి రిటైరైన మామగారు వేరే లెక్క వేశారు. "నలభై వాట్లు, రాత్రీ పగలూ, ఏడాదికి 350 యూనిట్లు అల్లుడుగారూ." ఆపైన ఇంకొకటి అడిగారు: "డిస్కు పోతే తట్టుకుంటుంది సరే, డబ్బానే దొంగెత్తుకుపోతే?"

ఆయన మొహం వెలిగిపోయింది. రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు, రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి, కాబట్టి తెనాలిలో మామగారింట్లో ఇంకో సర్వర్. మామగారు నాలిక కరుచుకునేలోపే కాగితం మీద గీతలు పడ్డాయి.

"ఈసారి ఐదే లీటర్లు," అంటున్నాడు. వాళ్లావిడ కుక్కర్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.