ఉపగ్రహానికి బి-కాంప్లెక్స్

2025 జనవరి 29 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం జరిగింది. సూళ్లూరుపేట జనం మిద్దెలెక్కి చూశారు. రాకెట్టు తన పని తాను చక్కగా చేసింది. చిక్కంతా అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహానికి వచ్చింది. కక్ష్య మార్చుకోవడానికి ఇంజను వెలిగించాలి. ఆక్సిడైజరును లోపలికి వదిలే వాల్వులు తెరుచుకోలేదు. కదలమంటే అవయవం కదల్లేదు.

పైన ఎక్కడో అంతరిక్షంలో జరిగింది కాబట్టి బతికిపోయింది. అదే ఉపగ్రహం మా బజారుకొచ్చి ఏ ఆరెంపీ బల్ల మీదో పడుకుని "కాలు లేవట్లేదు సామీ" అని ఉంటే అరనిమిషంలో తేల్చేసేవాళ్లు. "ఏం లేదబ్బయా, నరాల బలహీనత. ఎర్ర సూది ఐదు రోజులు, బి-కాంప్లెక్స్ నెల్లాళ్లు. వంకాయ తినబాక." తగ్గకపోతే గ్యాసు నరాల్లోకి ఎక్కిందంటారు. అప్పటికీ తగ్గకపోతే చెంగాళమ్మ తల్లి ఉండనే ఉంది. ఆ గుడికి రాత్రిళ్లు కూడా తలుపు మూయరు, ఏ వేళకైనా పోవచ్చు. ఇస్రో పెద్దలు కూడా ప్రయోగానికి ముందు అక్కడికే వచ్చి దండం పెట్టుకుంటారు. కాకపోతే వాళ్లు లెక్కలన్నీ చూసుకున్నాక దండం పెడతారు. మనవాళ్లు దండం పెట్టాక లెక్క అక్కర్లేదనుకుంటారు.

వాల్వు తెరుచుకోకపోతే శాస్త్రవేత్తలు ఏం చేస్తారు? ఆదేశం బయల్దేరిందా, తీగ వెంట నడిచిందా, కొస దాకా చేరిందా, చేరాక వాల్వే మొండికేసిందా అని వరసగా వెదుకుతారు. మనిషి చెయ్యి చచ్చుబడినా వెదకాల్సింది అచ్చం ఈ వరసలోనే. అందుకే నెర్వ్ కండక్షన్ పరీక్ష ఉంది. పేటలో దాన్ని కరెంటు పరీక్ష అంటారు. మణికట్టు దగ్గర నరానికి చిన్న షాకు ఇస్తారు, బొటనవేలి కండ ఎంతసేపటికి, ఎంత గట్టిగా ఉలిక్కిపడిందో కొలుస్తారు. మోచేతి దగ్గర మళ్లీ ఇస్తారు. రెండు చోట్ల మధ్య దూరాన్ని, పట్టిన సమయాల తేడాతో భాగిస్తే నరంలో కబురు నడిచే వేగం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేతిలో సెకనుకు 50 మీటర్లు దాటాలి. వేగం బాగా తగ్గితే నరం పైపొర దెబ్బతిందని, వేగం బాగానే ఉండి అల చిన్నదైపోతే లోపలి పోగులే చచ్చాయని అనుమానిస్తారు. ఇదేమీ కొత్త విద్య కాదు. కప్ప నరంలో ఈ వేగాన్ని హెల్మ్‌హోల్ట్జ్ 1850లోనే లెక్కగట్టాడు. మా పేటలో మనిషి నరం దగ్గరికి ఆ లెక్క రావడానికి ఇంకా ముహూర్తం కుదిరినట్టు లేదు.

ఈ పరీక్షకు రెండో సగం ఈఎంజీ. సన్నటి సూదిని నేరుగా కండలోకి గుచ్చి కండ మాట వింటారు. మాటంటే మాటే, యంత్రానికి స్పీకరు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కండ ఊరికే ఉన్నప్పుడు నోరెత్తదు. నరం తెగిపోయిన కండ మాత్రం రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు టపటపలాడుతుంది. అదీ నరం దెబ్బతిన్న మర్నాడే వినపడదు, రెండు మూడు వారాలు పడుతుంది. ఈ సంగతి తెలియక మూడో రోజే పరీక్ష చేయించి, "అంతా నార్మల్, నటిస్తున్నాడు" అని తీర్పు చెప్పించుకున్న కోడళ్లూ కూలీలూ ఎంతమందో.

సూది అంటే గుర్తొచ్చింది. 2023 జులై 14న మా పక్కనుంచే చంద్రయాన్-3 వెళ్లింది. ఆగస్టు 23న దిగాక చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి మట్టిలోకి ఒక సూది దించింది. దానికి పది ఉష్ణమాపకాలు. పైన మాడిపోయే వేడి, కొద్ది సెంటీమీటర్లు దిగేసరికి సున్నా కంటే కింద. దేశమంతా మురిసింది, నేనూ మురిశాను. 3 లక్షల 84 వేల కిలోమీటర్ల అవతల మట్టికి సూది గుచ్చి లోపల ఏముందో చెప్పిన ఊరిది. ఆ ఊరి రైతు పిక్కకు సూది గుచ్చి లోపల ఏముందో వినాలంటే జనం తెల్లారి మద్రాసు లోకల్ ఎక్కుతారు. సెంట్రల్లో దిగి రోడ్డు దాటి జనరల్ ఆసుపత్రి చీటీ వరసలో నిలబడతారు. లేదంటే తిరుపతిలో స్విమ్స్, అదీ కాదంటే నెల్లూరు. 2022 ఏప్రిల్‌లో పేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. బోర్డులు మారాయి, రబ్బరు ముద్రలు మారాయి. ఎక్కే రైలు మాత్రం మారలేదు.

దేశం మొత్తానికి ఉన్న నరాల డాక్టర్లు కొన్ని వేలమందే, వాళ్లలోనూ ఎక్కువమంది మహానగరాల్లోనే ఉన్నారు. సరే, డాక్టరు లేడు. యంత్రం మాత్రం వస్తుంది, దానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు గదా! ల్యాబు ప్యాకేజీలో చక్కెర, థైరాయిడు, విటమిన్ డితో పాటు నరాల పరీక్ష కూడా కలిపి అమ్మే రోజులొచ్చాయి. ఏసీ 18లో పెట్టిన గదిలో గంటసేపు కూర్చోబెట్టి, మంచుగడ్డయిన చేతికి షాకు ఇస్తారు. చెయ్యి ఒక్క డిగ్రీ చల్లబడితే వేగం సుమారు 2 మీటర్లు పడిపోతుంది. రిపోర్టులో నరాల జబ్బు పుడుతుంది, దాంతోపాటు ఆర్నెల్ల మందులూ పుడతాయి. చేతిని వెచ్చబెట్టడానికి బొక్కెనెడు వేడినీళ్లు చాలు. బొక్కెనకు బిల్లు రాయలేరు మరి. ఇంకో చిత్రం చూడండి. చక్కెర జబ్బుతో అరికాళ్లు నిప్పుల్లా మండేవాడికి దెబ్బతినేది సన్నపోగులు. ఈ పరీక్ష చూసేది లావుపోగుల్నే. కాబట్టి వాడి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. చల్లచేతివాడు రోగి, మంటకాళ్లవాడు ఆరోగ్యవంతుడు!

యంత్రం డాక్టరు అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. అడగాలంటే ముందు రోగిని ముట్టుకోవాలి. మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో ఒక దెబ్బ. మోచేతి వెనక నరం లావెక్కిందేమో వేలితో తడమడం. కుష్ఠు మొదట పట్టుబడేది చాలాసార్లు అక్కడే. మడమల మీద నాలుగడుగులు నడిపించడం. సుత్తి ఖరీదు కొన్ని వందలు, తడిమే వేలు ఉచితం. పది నిమిషాల టైము మాత్రం ఏ మెడికల్ షాపులోనూ దొరకదు.

ముట్టుకుని చూస్తే ఏం దొరుకుతుందో పాత నెల్లూరు జిల్లానే ఒకసారి లోకానికి చూపించింది. 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం ఆ జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి, నడుము వంగని మనుషుల్ని పరీక్షించి, దోషం బావినీళ్లలోని ఫ్లోరైడుదని వైద్య పత్రికకు ఎక్కించింది. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. అప్పట్లో వాళ్ల దగ్గర ఎమ్మారై ఉందా, ప్యాకేజీ ఉందా? ఊరికి పోయారు, మనిషిని చూశారు, నీళ్లు చూశారు. ఇప్పుడైతే నడుము నొప్పి అనీ అనకముందే ఎమ్మారై గొట్టంలోకి తోసేస్తారు. అందులో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనబడక మానదు, యాభై దాటినవాళ్లలో చాలామందికి నొప్పి లేకపోయినా కనబడుతుంది.

పేరు పెట్టి ఊరుకునే అలవాటు ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక మహిళ చనిపోయాక టీవీలు రాష్ట్రం మొత్తానికి గిలియన్ బారే సిండ్రోమ్ అని పలకడం నేర్పాయి. కాళ్లలో మొదలైన బలహీనత పైకి పాకుతుంది, ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటరే దిక్కు. తొలిరోజుల్లో కరెంటు పరీక్ష కూడా మామూలుగానే రావచ్చు, మోకాలి దెబ్బకు కాలు ఎగరకపోవడమే ముందు పట్టిస్తుంది. అలాంటి కాలికి ఎర్ర సూది ఐదు రోజులు వేశారంటే ఆ ఐదు రోజులూ ఎవరివి? ఆ తర్వాత సమీక్షలు జరిపారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సుత్తులు ఎన్ని ఉన్నాయని ఏ సమీక్షలోనైనా అడిగి ఉంటే, ఆ అధికారికి సన్మానం చేయాలి.

జనం కరెంటుకు భయపడతారని మాత్రం ఎవరూ అనకండి. ఏ కల్యాణమండపంలోనో "ఫుట్ పల్స్ థెరపీ ఉచిత శిబిరం" బోర్డు పడితే చూడాలి. కాఫీ టైముకే క్యూ కడతారు. అరగంట పాదాలకు కరెంటు పెడతారు, అటు వేగమూ కొలవరు, ఇటు అలనూ చూడరు. రోజూ వచ్చేవాళ్లకు హాజరు కార్డు ఇస్తారు, చివర్లో మిషను అమ్ముతారు. ఆ శిబిరాల చలవ ఎంతవరకు పోయిందంటే, మద్రాసులో అసలు పరీక్ష చేయించుకుని బట్టలు సర్దుకుంటున్న పెద్దాయన కూడా టెక్నీషియన్ను అడిగాడట: "ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది నాయనా, రెండో డోసు ఎప్పుడు పెడతావు?"